నాలుగో జ్వరం, రెండు కార్బురేటర్లు

నా చిన్నప్పుడు నన్ను ఒక్కచోట కూర్చోబెట్టడం ఎవరి వల్లా అయ్యేది కాదు. కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టిందని మా అవ్వ అనేది. ఇప్పటికీ ఆ గుణం పోలేదు. అన్నం ఉడికేలోగా నాలుగుసార్లు మూత తీసి చూస్తాను. అలాంటిదాన్ని ఒకరోజు రెండు పనుల జోలికి రావద్దన్నారు. రెంటిలోనూ వేలు పెట్టాను.

మా ఊరు సాదలిలో మా ఇంటి నిండా పట్టుపురుగులే. నడిమింట్లో తట్టల మీద తట్టలు వాటికి, వసారా మాకు. పెరిగేటప్పుడు పురుగు నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోయి పాత చర్మం విడుస్తుంది. దాన్ని మావైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగు ఆకలికి అంతుండదు. ఆ మధ్యాహ్నం సగం పురుగులు లేచాయి, సగం ఇంకా జ్వరంలోనే ఉన్నాయి. లేచినవి తలలు ఆడిస్తూ ఆకు కోసం వెతుకుతుంటే నాకు మనసు ఆగలేదు. గుప్పెడు ఆకు వేయబోతే అవ్వ నా చేయి పట్టుకుంది.

"వద్దమ్మా. ముందు లేసినవాటికి ఏస్తే, ఎనక లేసేవి ఎప్పటికీ అందుకోలేవు. అన్నీ లేసినాకనే ఆకు."

ఆకలేసినవాటిని మాడ్చడం ఏం న్యాయమని నాకు కోపం వచ్చింది. విసురుగా బయటికి వచ్చేశాను.

బయట మా చిన్నాన్న మోటారుసైకిలు ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రెండు సిలిండర్ల బండి. ఒక్కో సిలిండరుకు గాలీ పెట్రోలూ కలిపి పంపే ఒక్కో కార్బురేటరు; రెండూ సమంగా పీల్చుకుంటేనే బండి సాఫీగా నడుస్తుంది. మా తోట ఆకు ఆ విడత పురుగులకు చాలలేదు. సోమేనహళ్ళిలో మాట్లాడిపెట్టిన ఆకు మూటలు పొద్దుగూకేలోగా ఆ బండి మీదే రావాలి. రాకపోతే లేచిన పురుగులన్నీ పస్తులతో చావాల్సిందే. ఈ సంగతి నాకూ తెలుసు.

చిన్నాన్న కార్బురేటర్లను పెట్రోలుతో తుడిచి, వాటి జోలికి రావద్దని నాకు చెప్పి, కాఫీకి లోపలికి వెళ్ళాడు. నా చేతులు ఊరుకోలేదు. ఆ తడిలోనే వేళ్ళు పెట్టి, ఒకదాని యాక్సిలరేటరు కేబులు బిగించే స్క్రూ తిరుగుతుందా అని చూశాను. తిరిగింది. ఇంకాస్త తిప్పాను. అడుగుల చప్పుడు వినగానే గోడ పక్కకు తప్పుకున్నాను.

బండి స్టార్టయింది గానీ ఒకటే వణుకు. ఒక సిలిండరు ముందుకు ఉరుకుతోంది, రెండోది దగ్గుతోంది. చిన్నాన్న రెండోదాన్ని కూడా బిగించాడు. బండి నిలబడినచోటే కేకలు పెట్టింది. వదులు చేస్తే ఆగిపోయింది. మళ్ళీ బిగించాడు. తప్పు తనదేననుకుని తనను తానే తిట్టుకుంటున్నాడు. మెకానిక్కు దగ్గరకు పోవాలంటే చిక్కబళ్ళాపురం పోవాలి. ఆ బండి ఊరి పొలిమేర కూడా దాటేలా లేదు. నేను వసారాకీ బండికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. చెబితే వీపు విమానం మోత మోగుతుంది, చెప్పకపోతే పురుగులు చస్తాయి.

చిన్నాన్న ఒక రబ్బరు గొట్టం తెచ్చి, ఒక కొస చెవిలో పెట్టుకుని, ఇంకో కొస ఒక్కో కార్బురేటరు నోటి దగ్గర పట్టి విన్నాడు. తేడా పట్టుకోలేకపోయాడు. అప్పుడు అవ్వ వచ్చింది. పురుగులు ఆకు తినే చప్పుడు విని, ఏ తట్టలో మేత తగ్గిందో పడుకున్నచోటి నుంచే చెప్పే మనిషి ఆమె. గొట్టం చెవిలో పెట్టుకుని, రెండో కొస పట్టుకోమని నన్ను పిలిచింది. నా చేయి లాక్కుని తానే సరైన చోట పెట్టింది. నేను పుట్టి బుద్ధెరిగాక కదలకుండా నిలబడింది అప్పుడే.

"ఇది ఎక్కువ పీలుస్తాండాది, అది తక్కువ పీలుస్తాండాది. నువ్వు తక్కువదాన్ని తరుముతాండావు. ముందు పోయేదాన్ని నిలపప్పా."

చిన్నాన్న నేను తిప్పిన స్క్రూనే కొద్దికొద్దిగా వదులు చేశాడు. తర్వాత రెండోదాన్ని దానికి సరిపెట్టాడు. "ఇంగొంచెం... సాలు," అంది అవ్వ. రెండు చప్పుళ్ళూ ఒకటైపోయాయి. చిన్నాన్న బండెక్కి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలకముందే ఆకు వచ్చింది. అప్పటికి పురుగులన్నీ లేచాయి. అందరికంటే ముందు నేనే బుట్ట ఎత్తబోయాను. అవ్వ తల కూడా తిప్పలేదు.

"ఆ పెట్రోలు చేతులు బాగా కడుక్కోని రామ్మా. ఆ వాసన తగిలితే పురుగు బతకదు."

అంతే అంది. నేను గొట్టం పట్టుకున్నప్పుడే, నా చేతి వాసనకు, స్క్రూ తిప్పింది నేనేనని ఆమెకు తెలిసిపోయింది. అవ్వ ఆ సంగతి చిన్నాన్నకు ఆ రోజే కాదు, ఏ రోజూ చెప్పలేదు. కుంకుడురసంతో తోలు ఊడేలా రుద్దుకుంటూ ఏడ్చాను. దెబ్బలు తిన్నా అంత ఏడ్చేదాన్ని కాదు. లోపలికి వస్తే, ఆకు బుట్ట ముందర పెట్టుకుని అవ్వ అలాగే కూర్చుని ఉంది. వేలాది పురుగులు తలలు ఆడిస్తూ ఎదురుచూస్తున్నాయి. నేను వచ్చేదాకా ఒక్క ఆకు కూడా వేయలేదు.

మొన్న మా మనవరాలు ఇంటి ముందర తన రెండు సిలిండర్ల బండి విప్పుకుని, ఫోనులో అంకెలు చూస్తూ, రెండు వైపులూ కలవడం లేదని విసుక్కుంది. ముందు పోయేదాన్ని నిలపమని చెప్పాను. నా సంగతికొస్తే, కాళ్ళు ఇంకా నిలవవు. కానీ అందరూ కంచాల ముందు కూర్చున్నా సరే, చివరి మనిషి చేతులు కడుక్కుని వచ్చేదాకా నేను గరిటె ముట్టను.