బస్ అన్న మాట

అన్నదానం అనే మాట మీద మా వాడలో చాలా రోజులు వాదన నడిచింది. మొదలుపెట్టింది పక్కింటి వదినె. బీడీలు చుట్టే మనిషి కదా, మాటను కూడా అంతే బిగువుగా చుట్టి ఇస్తుంది.

"అన్నలు పెడితె అన్నదానం. మనమేమో ఆడోళ్లం, పెట్టేది రొట్టె. మరి గిదేం దానమే వదినె?" అంది.

రిటైరయ్యేదాకా బడిలో తెలుగు చెప్పిన నేను నిఘంటువు వెతకబోయాను. వాడంతటికీ అక్క అయిన ఎదురింటి ఆపా మాత్రం కొంగు నడుముకు చెక్కుకుంటూ, "పేరు ఎన్కసీర పెట్టుకుందురు గని, ముందుగాల పొయ్యి ముట్టియ్యిండ్రి" అంది. అలా మా దానం పేరు లేకుండానే మొదలైంది. ఇప్పటికీ దానికి పేరు లేదు.

నిజామాబాద్‌లో సర్కారు దవాఖాన దగ్గర అన్నం పెట్టేవాళ్లకు కొదవ లేదు. పుట్టినరోజులకు పులిహోర, పెళ్లిరోజులకు పప్పన్నం పంచిపెట్టేవాళ్లు వస్తూనే ఉంటారు. కానీ బోధన్ అవతలి నుంచి, మహారాష్ట్ర సరిహద్దు పల్లెల నుంచి వచ్చే జనానికి జొన్న రొట్టె తింటేనే తిన్నట్టు. ఒక పెద్దమనిషి పులిహోర పొట్లం ఖాళీ చేసి, "కడుపు నిండింది గని ఆకలి పోలేదమ్మా" అనడం ఆపా చెవిన పడింది. ఇంటికి రాగానే ఆమె జొన్నపిండి డబ్బా మూత తీసింది. మమ్మల్నిద్దరినీ కేకేసింది.

పని పంపకం తేలిగ్గానే తేలిపోయింది. ఆపా, వదినె రొట్టెలు చేయడం, నేను పంచడం. ఇందులో నా త్యాగం ఏమీ లేదు. నాకు మాటలు తడతాయి గానీ రొట్టెలు తట్టడం రాదు. మొదటిరోజు నేను చేసిన రొట్టె పెనం మీద పడేలోపే నాలుగు జిల్లాలుగా విడిపోయింది. "ఉడుకు నీళ్లతోని పిసుకాలె, సల్ల నీళ్లతోని కాదు" అని ఆపా చెప్పింది. ఉడుకు నీళ్లతో పిసికితే రొట్టె బాగానే వచ్చింది, చేయే కాలింది. ఆపాది చేయి తిరిగిన పని. నాకు చేయి తిరగదు, తల తిరుగుతుంది. అందుకని బుట్ట నా చేతికిచ్చి ఇద్దరూ నన్ను గౌరవంగా వీధిలోకి పంపేశారు.

పంచడంలో నాది ఒకటే సూత్రం, పరుగు. జొన్న రొట్టె చల్లారితే చెప్పు అట్టలాగా అవుతుంది కాబట్టి వేడి పోకముందే వరండా ఈ చివర నుంచి ఆ చివరకు చుట్టేసి రావాలి. సగానికి విరిచిన రొట్టెలు వేస్తూ పోవడం, ఎదుటివాళ్లు చాలు అనేదాకా వేయడం, అనగానే పక్కవాళ్ల దగ్గరికి జరగడం. వెనకనుంచి చూసినవాళ్లు నన్ను ఎవరో తరుముతున్నారనుకుంటారు.

కాన్పుల వార్డు వరండాలో పగటిపూట ఎండ పడేచోట ఒక ముసలావిడ తన కోడల్ని, మనవరాల్ని పెట్టుకుని కూర్చునేది. నాందేడ్ వైపు నుంచి చెరుకు కొట్టడానికి వచ్చిన కుటుంబం. కొడుకు రుద్రూర్ దగ్గరి తోటల్లో ఉన్నాడు. కోడలికి నెలలు నిండకముందే కాన్పయింది. పసిపిల్ల నా అరచేయంత ఉంది. బరువు పట్టేదాకా ఇక్కడే ఉండాలని నర్సు చెప్పింది. ముసలావిడకు మరాఠీ తప్ప ఇంకోటి రాదు. కోడలికి వచ్చేది కూడా అదే, అయితే ఆ పిల్ల నోరు విప్పదు.

నేను ఒక సగం రొట్టె వేయగానే ఆ అవ్వ చాప మీద చేత్తో తడుతూ, "బస్ గ బాయి, బస్" అనేది. బస్ అంటే చాలు. మా ఊళ్లో ఉర్దూ రానివాళ్లకు కూడా ఆ మాట వస్తుంది. నేను సంతోషించి, ఆ రొట్టె మీదే కాస్త కూర పెట్టేసి, పక్క చాప వాళ్ల దగ్గరికి ఉరికేదాన్ని. ఇద్దరికి సగం రొట్టె. ఏం తృప్తి, ఏం తృప్తి అని మురిసిపోయాను. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన మరో రొట్టె అడిగితే ఆ అవ్వను ఉదాహరణగా చెప్పాను కూడా.

"చూసి నేర్చుకోండి. సగం రొట్టెకే బస్ అంటుంది" అన్నాను.

"ఆమెకు దొరికింది నువ్వు చేసిన రొట్టె గావచ్చు" అన్నాడాయన.

కొన్నాళ్లకు అవ్వ మాట కొంచెం పెరిగింది. "ఖాలీ బస్, ఖాలీ బస్" అని చాపను ఇంకా గట్టిగా తట్టడం మొదలుపెట్టింది. పసిదాన్ని ఎత్తి నాకు చూపిస్తూ, మళ్లీ "ఖాలీ బస్" అంది. ఖాలీ అంటే ఉత్తది. పిల్లను ఎత్తుకుని పోవడానికి రద్దీ లేని బస్సు కావాలంటోందని నాకు ఠక్కున అర్థమైపోయింది. నాకు ఏదైనా ఠక్కున అర్థమైతే మా ఇంట్లో అందరూ భయపడతారు. వాళ్ల భయంలో న్యాయం ఉందని ఆ తర్వాత తెలిసింది.

ఇంత చిన్న కోరిక తీర్చకపోతే ఇంక సేవేమిటి అని ఆ సాయంత్రం స్వయంగా బస్టాండుకు వెళ్లాను. విచారణ కిటికీలో కూర్చున్నతన్ని అడిగాను.

"బాబూ, బోధన్ దిక్కు ఖాలీ బస్సు ఎప్పుడుంటుంది?"

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఆడవాళ్లకు టికెట్ లేని రోజులివి. బస్సు మెట్ల మీద కూడా చోటు ఉండదు.

"ఖాలీ బస్సా అమ్మా? డిపోల ఉంటది" అన్నాడు. తర్వాత జాలిపడి, "మధ్యాహ్నం పోయేదాంట్ల నిలవడెటోళ్లు జర తక్కువుంటరు. పసిపిల్లల తల్లి అంటె ఎవరో ఒకరు సీటిస్తరు తియ్యి" అన్నాడు.

మర్నాడు అవ్వకు ఆ శుభవార్త చెప్పాను. తెలుగులో చెప్పి, అర్థం కాదేమోనని చేతులతో కూడా చెప్పాను. కోడలిని చూపించాను, పిల్లను చూపించాను, గేటు చూపించాను, గాల్లో స్టీరింగు తిప్పాను. అవ్వ ఆ రోజు చాప మీద తట్టలేదు. బస్ అనలేదు. తల వంచుకుని కోడలి చెవిలో ఏదో చెప్పింది. పని అయిందన్న తృప్తితో నేను ముందుకు ఉరికాను.

ఆ తెల్లారి ఆపా కూడా నాతో బయల్దేరింది. ఆమెకు మోకాళ్ల నొప్పి, దవాఖాన దాకా ఎప్పుడోగానీ రాదు. ఆమె తమ్ముడి కోడలు అదే వార్డులో ముందురోజే కన్నదని చూడ్డానికి వచ్చింది. మేము వరండా ఎక్కేసరికి నర్సు ఎదురొచ్చింది. ముఖం ఎర్రగా ఉంది.

"టీచరమ్మా, ఆ మరాఠీ అవ్వకు మీరేం చెప్పిండ్రు? పొద్దుగాలకెళ్లి మూట కట్టుకొని కూసున్నది. పోతా అంటున్నది."

"ఆమే అడిగింది బస్సు గురించి" అన్నాను.

"అడుగుతె చెప్తరా? పిల్ల ఇంక బరువు పట్టలే. తల్లికి పాలు సాలుతలెవ్వు. గీ సలిల చెరుకు తోటల గుడిసెలకు తీస్కపోతె పిల్ల బతుకుతదా? నేను చెప్తె ఆమెకు తెలుస్తలేదు, ఆమె చెప్తె నాకు తెలుస్తలేదు."

బుట్టతో సహా చాప దగ్గరికి ఉరికాను. అవ్వ నిజంగానే మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోడలు పిల్లను చీర చెంగులో చుట్టి, పక్కన నిలబడి ఉంది. నేను మళ్లీ చేతులతో మొదలుపెట్టబోతే ఆపా నా చేయి పట్టుకుని ఆపింది.

"నువ్వు జర ఊకో. మళ్ల ఏ రైలు సూపిస్తవో."

ఆపా పుట్టింది బోధన్‌లో. వాళ్ల నాన్నకు అక్కడ గిన్నెల దుకాణం ఉండేది. సంతరోజు వచ్చే మరాఠీ బేరాల మధ్యే పెరిగింది. ఆమె అవ్వ ఎదురుగా నిలబడి రెండు మాటలు అన్నది. అవ్వ తలెత్తింది. ఆపాను చూసి, నీరసంగా చాపమీద తట్టి, "ఖాలీ బస్" అంది.

"బస్తే ఆజీ, బస్తే" అంటూ ఆపా గోడ పట్టుకుని, మోకాళ్లను తిట్టుకుంటూ, చాప మీద చతికిలబడింది.

అప్పుడు చూడాలి అవ్వను. కట్ట తెగినట్టు మాట్లాడింది. మాట్లాడుతూ నా వైపు చేయి చూపించింది, బుట్ట వైపు చూపించింది, గేటు వైపు చూపించింది. గాల్లో స్టీరింగు కూడా తిప్పింది. నాకంటే బాగా తిప్పింది. ఆపా మొదట తల ఊపింది, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది, చివరికి ఆపుకోలేక నవ్వింది.

"టీచరమ్మా, ఇన్ని దినాలు ఈమె బస్ అంటె నువ్వు ఏమనుకున్నవ్?"

"చాలు అని."

"ఖాలీ బస్ అంటె?"

"ఖాలీ బస్సు."

"మా ఉర్దూలనైతె బస్ అంటె సాలే. ఈమె మాట్లాడేది మరాఠీ. బస్ అంటె కూసో. ఖాలీ బస్ అంటె కింద కూసో. గంతే. ఎనుకటికెళ్లి నిన్ను కూసో కూసో అని బతిమాలుతున్నది."

నేను నిలబడే ఉన్నాను. ఆపా నవ్వు తగ్గించి మిగతాది చెప్పింది.

"పిల్ల పుట్టినకాడికెళ్లి సూడనీకె ఒక్క సుట్టం రాలేదంట. అందరు చెరుకు కొట్టుడు మీదనే ఉన్నరు. నువ్వు రోజొస్తవు గదా, నిన్నే సుట్టం అనుకున్నది. జర కూసోని పిల్లను ఒళ్లెకు తీస్కుంటవని సూసింది. నువ్వేమో సగం రొట్టె ఏసి ఉర్కుతివి. నిన్న గేటు సూపించి పొమ్మంటివంట. పొమ్మన్నకాడ ఎట్లుంటం అని మూట కట్టింది."

తెలుగులో బస అంటే మకాం. ఆ మాటైనా నాకు తట్టి ఉంటే ఉండమన్నట్టు అర్థం చేసుకునేదాన్ని. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, నాకున్న ఈ మూడు భాషల్లో ఒక్కటీ సమయానికి అక్కరకు రాలేదు. బుట్ట కింద పెట్టి ఆపా పక్కన కూర్చున్నాను. అవ్వ ఇంకేం మాట్లాడకుండా కోడలి చేతిలోంచి పిల్లను తీసి నా ఒళ్లో పెట్టింది. రొట్టె పిండి ముద్దంత వేడిగా, అంతకంటే మెత్తగా ఉంది.

నేను చాలు అనుకున్న సంగతి ఆపా చెప్పగానే అవ్వ నోటి మీద చేయి పెట్టుకుంది. తర్వాత ఏదో అంది.

"ఏమంటున్నది?" అని అడిగాను.

"నిజామాబాదోళ్లు సగం సగమే పెడ్తరు గావచ్చునని అనుకున్నదంట. సగం రొట్టెల ఇద్దరు తింటె బాలింతకు పాలెట్ల పడ్తయ్ అంటున్నది."

ఆ పూట వాళ్లకు రొట్టెలు నిండుగా పెట్టాం. కానీ అవ్వ మూట విప్పలేదు. పట్టుదల మనిషి. రేపు వస్తారా, వస్తే కూర్చుంటారా అని ఆపాతో అడిగించింది. వస్తామన్నాం. సరే, రేపటిదాకా చూస్తానంది. నర్సు నా వైపు చూసి, "రేపు కూసోకుంటె నేనే మిమ్మల్ని కట్టేస్త" అంది.

మరుసటిరోజు ముగ్గురం వెళ్లాం. వదినె బీడీల చేట కూడా వెంట తెస్తానంటే దవాఖానలోకి రానివ్వరని ఆపాం. ఆపా బాలింతకని వెల్లుల్లి దండిగా వేసి మెంతికూర వండింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కరగనీ అనుకుని, అందరం కూర్చునే తిన్నాం. అవ్వ మూటలోంచి చెంబు బయటికి తీసింది. ఆ తర్వాతి రోజు దుప్పటి తీసింది. ఇంకో రోజు కోడలి దువ్వెన. మూట విప్పమని మేమెవ్వరం అడగలేదు, రోజుకొకటి బయటికి వస్తుంటే లోలోపల లెక్కపెట్టుకున్నాం.

ఆపా రాని రోజుల్లో నేనూ వదినె ఒక భాషలో, అవ్వ ఇంకో భాషలో మాట్లాడుకునేవాళ్లం. చెరుకు ఆకు కోసిన గీతలు అవ్వ తన మోచేతుల మీద చూపిస్తే, వదినె బీడీల తునికాకు కత్తిరించేటప్పుడు తెగిన వేలు చూపించింది. ఎవరిది పెద్ద గాటు అని పోటీ పడ్డారు. నాకు చూపించడానికి సుద్దముక్క మచ్చ కూడా లేదు. మిగతా వరండాకు రొట్టెలు పంచడం కొంచెం ఆలస్యమయ్యేది. చల్లారిన రొట్టె గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. "జర ఈడ గూడ కూసోరాదమ్మా" అని మాత్రం రెండు మూడు చాపల మీదినుంచి పిలుపులు మొదలయ్యాయి.

ఆపా కూడా వచ్చిన ఒకరోజు పిల్లను ఒళ్లో పెట్టుకుని, దానికి అర్థం కాని పద్యమేదో చెబుతున్నాను. వదినె ఒక్కసారిగా, "వదినె, నీ సీర" అంది. చూస్తే ఒడి నుంచి అంచుదాకా తడిసి ఉంది. నేను లేవబోతుంటే అటుగా వచ్చిన నర్సు ఆగింది.

"ఎన్నిసార్లు తడిపింది పొద్దుగాలకెళ్లి?" అని కోడలిని వేళ్లతో సైగ చేసి అడిగింది. ఆ పిల్ల సిగ్గుపడుతూ చేతి వేళ్లన్నీ చాపి, ఇంకా చాలనట్టు రెండో చేయి కూడా ఎత్తింది.

"మంచిగ పాలు తాగుతున్నదన్నట్టు" అని నర్సు పిల్లను లోపలికి తీసుకుపోయింది. త్రాసు మీద పెట్టినట్టుంది, గుక్కపట్టి ఏడుపు వినిపించింది. వరండాలో అవ్వ తలుపునే చూస్తోంది.

నర్సు నవ్వుతూ వచ్చింది. "పట్టింది బరువు. గిట్లనే ఉంటె ఎల్లుండి తోలిస్త. ఆపా, ఆమెకు చెప్పు."

ఆపా చెప్పింది. అవ్వ పిల్లను అందుకుని ముఖానికి ఆనించుకుంది. అప్పటిదాకా మా ఎదుట నోరు విప్పని కోడలు నా తడిసిన చీర వైపు చూసి ఫక్కున నవ్వింది. ఆపా సంచిలోంచి శుభ్రమైన రుమాలు తీసి నాకు ఇవ్వబోయి, మనసు మార్చుకుని, పిల్ల కాళ్లు తుడిచింది.