నీళ్లు పోసి ముంచిన ఓడ

మా చెల్లెలు గ్రూప్ వన్ రెండుసార్లు రాసింది, రెండుసార్లూ కొద్ది మార్కుల్లో పోయింది. మూడోదే ఆఖరు అంది. ఆ మూడోదాని బాధ్యత నేను తీసుకున్నాను. ఎవరూ అడగలేదు. పెద్దదాన్ని కదా, అడగాలా?

తను అశోక్‌నగర్ హాస్టల్లో, నేనూ అమ్మా చిక్కడపల్లిలో. పొద్దున ఐదింటికి ఫోన్ చేసి లేపేది నేనే. పాసైన వాళ్లెవరు కనబడ్డా నోట్సు అడిగి, జిరాక్స్ తీయించి పంపేదాన్ని. మా మేనమామ సలహాలు, పక్కింటి లెక్చరర్ సలహాలు వేరే. ఆదివారం నారాయణగూడలో టిఫిన్ తింటూ, తను వారమంతా రాసిన వ్యాసాలు ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట, జర చూస్కో" అనేది అమ్మ. నాకు ఒళ్లు మండేది.

ఆ ఆదివారం వ్యాసం యుద్ధ నష్టాల మీద. మొదటి వాక్యమే "రెండో ప్రపంచ యుద్ధంలో ఒక గొప్ప ఓడను నీళ్లు పోసి ముంచారు" అని ఉంది. ఓడను నీళ్లు పోసి ముంచడమేమిటని నవ్వుకుని, ఎర్రగా సున్నా చుట్టాను.

"కింద చదువక్కా" అంది.

చదివాను. లోపల భోజనశాలలు, నాటకశాల ఉన్న ప్రయాణికుల ఓడ. యుద్ధం వచ్చాక న్యూయార్క్ రేవులో ఆపి, సైనికులను మోయడానికి మారుస్తున్నారు. వెల్డింగ్ నిప్పురవ్వ లైఫ్ జాకెట్ల కుప్ప మీద పడింది. ప్రాణాలు కాపాడేవే ముందు అంటుకున్నాయి. ఆర్పేవాళ్లు అన్ని వైపుల నుంచీ నీళ్లు పోశారు. మంట తగ్గింది గాని, ఆ నీళ్ల బరువుకు ఓడ ఒరిగి రేవులోనే పడిపోయింది. శత్రువు చెయ్యే పడలేదు. అది పడకముందే, దాని నమూనా గీసిన ఇంజనీరు వచ్చి, నిలబెట్టే ఉపాయం నాకు తెలుసన్నా ఎవరూ వినలేదు. చివరికి తుక్కు కింద కోశారు.

"మంచిగుంది. గా ఇంజనీరు ముచ్చట తీసెయ్, పొడుగైతున్నది" అన్నాను.

తను ఇడ్లీ తుంచడం ఆపింది. "ఆయన గురించి చెప్పాలనే ఇదంత రాసిన. నాకేం కావాల్నో నువ్వు ఒక్కసారన్న అడిగినవా?"

నాకు చచ్చేంత సిగ్గేసింది. పెన్నుకు మూత పెట్టాను.

"ఏం కావాలె చెప్పు."

"నెల రోజులు ఫోన్ చెయ్యకు. అంతే."

చెయ్యలేదు. ఐదింటికి అలవాటుగా మెలకువ వచ్చేది. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునేదాన్ని. తను లేచిందో లేదో తెలిసేది కాదు.

పన్నెండో రోజు ఐదింటికి ఫోన్ మోగింది.

"అక్కా, లేచినవా?" అంది.