మా నర్సమ్మత్త కుట్టిన ఆఖరి అంగీ

మా మేనత్త నర్సమ్మ కాలధర్మం చెందిందన్న వార్త సున్నపు బండి తోలే సాయిలు నోట విన్నప్పుడు నేను బాలెంతను. కాల్పుల గలభాకు భయపడి సంస్థానం సరిహద్దు దాటి వచ్చి, ఈ పరాయి ఊళ్ళో కిరాయి కొట్టంలో తలదాచుకున్నాము. మేళ్లచెరువు పక్కనున్న మా ఊరికి రాకపోకలు లేవు. సాయిలు ఒక్కడే ఎట్లాగో సున్నం వేసుకొని అటూ ఇటూ తిరుగుతున్నాడు. “నర్సక్క పోయింది చెల్లె” అని తలరుమాలు విప్పి నేల మీద కూలబడ్డాడు. అప్పటికే అంత్యక్రియలు కూడా అయిపోయాయట. నాకు వెంటనే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా బిడ్డకు మొదటి అంగీ కుట్టి పంపుతానని మాటిచ్చిన మనిషి నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఎట్లా పోతుందని కోపం.

ఆమె సభలలో సన్మానాలు పొందిన విదుషీమణి కాదు. అక్షరజ్ఞానం లేదు. ఆమె కీర్తి మా ఊరి పొలిమేర దాటలేదు. అయినా మా ఊళ్ళో ఇవాళ మీసాలు దువ్వుతున్న మగవాళ్ళలో ఎక్కువమంది ఒకప్పుడు ఆమె చేతి లాగులలో తిరిగినవాళ్ళే. మిషను లేదు, కొలతపట్టీ లేదు. పిల్లవాణ్ణి ఎదుట నిలబెట్టి జానతో భుజం నుంచి మోకాలి దాకా కొలిచేది. కదిలితే గిల్లేది. యుద్ధకాలంలో బట్ట కంట్రోలులోకి పోయి, తానుగుడ్డ కంటికి కనబడని రోజుల్లో కూడా మా వాడలో పిల్లలు దిసమొలతో తిరగకపోవడం ఆమె చలవే.

పాత ధోవతి నడుమ నలిగినా అంచుల దగ్గర గట్టిగానే ఉంటుంది. ఆ అంచులు అంగీలయ్యేవి, నలిగిన మెత్తని నడిమి భాగం పసిపిల్లల తలకు కుల్లలయ్యేది. లోపల బెత్తెడు బట్ట మడిచి కుట్టేది. “పిలగాడు పెరుగుతడు గాని గుడ్డ పెరుగదు గదనే. మల్లొచ్చే ఏడు విప్పుకోవాలె” అనేది. పసిగుడ్డు అంగీకైతే కుట్లన్నీ పైకి వచ్చేట్టు కుట్టేది. తిరగేసి తొడిగారని పట్నం చుట్టాలు నవ్వితే, “లోపలుంటే ముడి బిడ్డకు ఒత్తుకుంటది. సూసెటోల్లదేంది, సూస్తరు పోతరు” అని కొట్టిపారేసేది. నాకు సూది పట్టడం నేర్పింది ఆమే. కుట్టు వంకర పోతే నా నెత్తి మీద ఒక మొట్టికాయ పడేది.

ఆమెను సహనమూర్తి అని రాస్తే ఎరిగినవాళ్ళు నవ్వుతారు. దారం దగ్గర కోడళ్ళతో పోట్లాడేది. తన కత్తెర ఎవరైనా ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరి వేసేది. ఒకనాడు మా బాపు తాలూకా కచేరీకి పోవడానికి ధోవతి వెతుక్కుంటూ వసారాలోకి వచ్చేసరికి, అది అప్పటి పిల్లలం మా ముగ్గురి ఒంటి మీదికి చేరి ఉంది. “అక్కా, గది మంచిగనే ఉండెగదనే!” అని బాపు లబోదిబోమన్నాడు. “ఇంకో నెలైతే చిరిగేదే తమ్మీ. చిరిగినంక గది ఎవనికి పనికొస్తది?” అని అత్తమ్మ తల ఎత్తకుండానే జవాబిచ్చింది. ఆ రోజు బాపు మాసిన ధోవతి మీదనే కచేరీకి వెళ్ళాడు.

ఇక నా సంగతి చెప్పాలి. నాకు అంతకుముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు దక్కలేదు. అట్లాంటి ఇంట్లో మళ్ళీ కాన్పు అయితే, మా వైపు బిడ్డకు మొదటి అంగీ కొత్తబట్టతో కుట్టరు. పిల్లలు చల్లగా ఉన్న ఇళ్ళకు పోయి, ఆ పిల్లలు తొడిగి విడిచిన బట్టలోంచి తలా ఒక పేలిక అడిగి తెచ్చి, అన్నీ కలిపి కుడతారు. కన్నతల్లి అందులో సూది పెట్టకూడదు. ఆ ఇళ్ళ పిల్లల ఆయుష్షు ఈ బిడ్డకు అంటుకుంటుందని నమ్మకం. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఇద్దరిని మట్టిలో పెట్టిన నాకు నవ్వే ధైర్యం లేదు. నేను నిండు నెలలతో ఊరు విడిచిన రోజు అత్తమ్మ బండి పక్కనే నడుస్తూ, “ఫికర్ చెయ్యకు బిడ్డా, పేలికలు నేనడుక్కొస్త. నువ్వు బిడ్డను కను” అన్నది. ఆ మాటను పట్టుకొనే కన్నాను.

ఆ రోజుల్లో మా ఊళ్ళో పిల్లలు చల్లగా ఉన్న ఇల్లంటే ఏది? సగం ఇళ్ళకు తాళాలు. ఉన్నవాళ్ళ కొడుకులు కొందరు అడవిలో, కొందరు జైల్లో, కొందరు ఎక్కడున్నారో తెలియదు. అత్తమ్మ ఎండలో ఇల్లిల్లూ తిరిగి, లోపలికి పోకముందే గడపలో నిలబడి “పిల్లలందరు మంచిగున్నరా?” అని అడిగేదట. అట్లా పేలికలు పోగుచేసింది. సున్నపు బట్టీలో పనిచేసే లచ్చమ్మ తన ఒక్కగానొక్క కొడుకు మల్లేశం చిన్నప్పటి అంగీ పెట్టెలోంచి తీసి ఇచ్చింది. మల్లేశం వయసొచ్చిన పిల్లవాడు, ఊరి కుర్రాళ్ళతో కలిసి ఎటో పోయి ఉన్నాడు. బాగానే ఉన్నాడని కబురు వచ్చిందని తల్లి చెప్పింది. ఆ నీలిగీతల గుడ్డతో అత్తమ్మ నా బిడ్డ అంగీకి కుడిచెయ్యి కుట్టింది.

అంగీ పూర్తయిన రోజునే సాయిలు పక్క తాలూకా నుంచి తిరిగివచ్చాడు. దారిలో ఒక ఊరి చివర, కాల్పుల్లో పడిపోయినవాళ్ళలో మల్లేశాన్ని తన కళ్ళతో చూశాడు. తల్లికి చెప్పడానికి నోరు రాక అత్తమ్మకు చెప్పాడు. అత్తమ్మ ఆ అంగీని ఒళ్ళో పెట్టుకొని కుడిచెయ్యి కుట్లను ఒక్కొక్కటే తడిమిందట. చనిపోయినవాడి గుడ్డ పసిబిడ్డ ఒంటికి తగలకూడదు. కాని లచ్చమ్మ రోజూ పని నుంచి వస్తూ వసారాలో ఆగి, ఆ చెయ్యిని నిమిరి, “గిది మా మల్లేశం గుడ్డ, సూసినవా నర్సక్కా, ఎంత మంచిగొచ్చిందో” అని మురిసిపోయేది. ఆ చెయ్యి ఊడదీస్తే అడుగుతుంది. అడిగితే చెప్పాలి.

“ఊడదియ్యలేను సాయిలూ. గట్లని బిడ్డకు తొడగలేను” అన్నదట అత్తమ్మ. చివరికి ఆ గుడ్డ కింద మరో ఇంటి మంచి గుడ్డ అస్తరు వేస్తే, బిడ్డ చర్మానికి తగిలేది అదే అవుతుందనుకున్నది. ఆ గుడ్డ కోసం నడివేసవిలో కాలినడకన పక్క ఊరికి వెళ్ళింది. ఊరు ఖాళీ. ఏ గడపలోనూ మనిషి లేడు. ఉత్తచేతులతో తిరిగివచ్చి జ్వరాన పడింది. దవాఖానకు తీసుకుపోదామంటే తొవ్వలన్నీ మూసుకుపోయాయి. అట్లా మా అత్తమ్మ వెళ్ళిపోయింది. నా బిడ్డ అంగీకి బెత్తెడు గుడ్డ వెతకబోయి వెళ్ళిపోయింది.

ఇదంతా చెప్పి సాయిలు అంగీ నా చేతిలో పెట్టాడు. కుట్లన్నీ పైకే ఉన్నాయి. “లచ్చమ్మ అడుగుమన్నది చెల్లె, అంగీ సరిపోయిందా అని. పోయి ఏం చెప్పాలె?” అన్నాడు. నేను బిడ్డను చూశాను, ఆ కుడిచెయ్యిని చూశాను. అయినా తొడిగాను. “సరిపోయిందని చెప్పన్నా” అన్నాను.

మొన్న సాయిలు మళ్ళీ వచ్చాడు. లచ్చమ్మకు కొడుకు సంగతి తెలిసిపోయింది. అందుకే ఇదంతా రాయగలుగుతున్నాను. పుట్టెడు దుఃఖంలో ఉండి కూడా ఆ తల్లి నాకొక మాట పంపింది. “నాకెరుకలేక ఇచ్చిన. గా చెయ్యి ఊడదీసి పారెయ్యమను, పసిబిడ్డకేమన్న గాకముందే” అని చెప్పి పంపింది.

ఇది రాస్తున్న వేళ నా కొడుకు ఆ అంగీతోనే నిద్రపోతున్నాడు. భయంతో ఘడియకొకసారి ఒళ్ళు తడిమి చూస్తున్నాను. కత్తెర చేతికి తీసుకుంటే లచ్చమ్మ కొడుకును నేను రెండోసారి చంపినట్టుంటుంది. కింద పెడితే నా ఇద్దరు బిడ్డలు గుర్తుకొస్తారు. ఊడదియ్యనా, ఉండనియ్యనా అత్తమ్మా? ఎప్పుడు ఏం తోచకపోయినా నీ వసారాకు వచ్చి అడిగేదాన్ని. నువ్వు మొట్టికాయ వేసి చెప్పేదానివి. ఇప్పుడు ఎవరి దగ్గరికి పోయి అడగాలో నాకు తెలియడం లేదు.