రెండు కాగితాలకూ పసుపు పెట్టినాను

మొన్న వేలూరు కోర్టులో నేనుండే బాడిగింటిని కొంచెంలో నేనే ఓనరు చేతిలో పెట్టేసి వచ్చేదాన్ని, వినండమ్మా. నవ్వేదుంటే చివర్లో నవ్వండి.

కప్పు కారతాది, వంటింటి గోడ పగిలింది. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయె. సరే, గుడియాత్తం మున్సిపాలిటీలో పిటిషన్ ఇస్తానంటిని. ఓనరుకు రోషమొచ్చింది. "ఇల్లు పాతబడింది, పడగొట్టి కట్టాల, ఈమెను ఖాళీ చేయించండి" అని నామీద దావా ఏసేసినాడు! మా ఆయన పోయినాంక పన్నెండేండ్లుగా ఆ ఇంట్లోనే మగ్గాలకు కండెలు చుట్టి బతకతా ఉండాను. యాడికి పోయేది?

తాలూకాఫీసు కాడ టైపు కొట్టే రంగయ్య రెండు కాగితాలు కొట్టిచ్చినాడు. మున్సిపాలిటీకి, "గోడ పడేట్టుండాది, ఇది మనుషులుండే ఇల్లు కాదు" అని. కోర్టుకు, "ఇల్లు గట్టిగా ఉండాది, పడగొట్టే పని లేదు" అని.

"ఏమప్పా, ఒకే ఇంటికి రెండు మాటలా?"

"కోర్టంటే అట్లే అక్కా. ఊరికే ఏలిముద్ర ఎయ్యి."

రెండూ ఇంగ్లీషే. తెలుగోళ్ళకొక రాష్ట్రం, అరవోళ్ళకొక రాష్ట్రం అని పంచుకున్నారు గదా, ఇంగ్లీషును మాత్రం ఎవురూ కదిలించలేదు. నాకు మూడూ ఒకటే, ఏదీ చదవలేను. "పైనుండేది కోర్టుది, ఇంటికి పోతానే దాని మూలకు పసుపు పెట్టుకో, మారిపోదు" అన్నాడు రంగయ్య. పెట్టినాను.

పొద్దున బయల్దేరేముందు రెండూ దేవుడి పటం కాడ పెట్టి దండం పెట్టుకున్నాను. ఒకదానికి పసుపుండాది, ఇంకోటి బోసిగా ఉండాది. అయ్యో, పోయేది మంచి పనికి గదా! దానికీ పెట్టేసినాను.

ఒకటి మున్సిపాలిటీలో ఇచ్చి, ఇంకోటి పట్టుకోని వేలూరు బస్సెక్కినాను.

కోర్టులో ఓనరు వకీలు నా కాగితం తీసుకోని అరవంలో ఇవరంగా చెప్తా ఉండాడు. "గోడ పగిలిందట." అవును సామీ! "కప్పు కారతాదట." అవునవును! "మనుషులుండే ఇల్లు కాదట." నిజం సామీ, నిజం! నా మాట ఇంత మర్యాదగా ఎవురు చెప్పినారు ఎప్పుడైనా? తల ఊపిందే ఊపడం. పక్కన ఓనరు పండ్లు ఇకిలిస్తా ఉండాడు. అప్పుడు తగిలింది నాకు, అది మున్సిపాలిటీకి ఇయ్యాల్సిన కాగితమని.

జడ్జీ అద్దాలు తీసినాడు. "ఎన్నమ్మా ఇదు? ఉండేదానికి పనికిరాని ఇంట్లో ఎందుకుంటావు?"

ఇంక దాచి ఏం లాభం? "కాగితం మారిపోయింది సామీ. కారేది మాత్రం నిజమే. కారినా అందులోనే ఉండాల, నాకు వేరే ఇల్లు లేదు. బాగు చెయ్యమంటే ఎళ్ళిపొమ్మంటాడు."

వకీలు ఏందో అనబోతే జడ్జీ చెయ్యి అడ్డం పెట్టినాడు. "సరైన కాగితం తీసుకోని రామ్మా, పదైదు దినాలు టైమిస్తా ఉండాను. అంతదాకా నిన్నెవురూ కదిలించకూడదు" అన్నాడు.

బతికినానురా దేవుడా అని బస్సు దిగి, ఉరుకెత్తుకోని మున్సిపాలిటీకి పోయినాను, ఆ కాగితం ఎనక్కి తెచ్చుకుందామని. గుమాస్తా నవ్వుతా ఉండాడు.

"ఇల్లు గట్టిగా ఉండాదని నువ్వే రాసిస్తివి గదమ్మా. మాకు శానా సంతోషం. ఫైలు మూసేసినాము."

కాగితం లేకుండా నోటిమాటగా చెప్పుకుంటా ఏడాదిగా ఆ ఆఫీసు చుట్టూ తిరగతా ఉండాను. నా మాట ఒక్కటైనా వాళ్ళు నమ్మింది ఇదే మొదటిసారి!