ఒడ్డున విప్పిన బూట్లు

పోయిన వారం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మా అక్క కూతురు హాల్లో కార్పెట్ మీద బూట్లు వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది. ఇది ఏ ఇంట్లోనైనా చిన్న విషయమే కావచ్చు గాని మా ఇంట్లో కాదు. ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంప్ బాగుచేయడానికొచ్చిన ఆరడుగుల కివీ, అంటే ఇక్కడి న్యూజిలాండ్ మనిషి చేత గుమ్మంలోనే బూట్లు విప్పించి, బొటనవేలు బయటికొచ్చిన మేజోడుతో నిచ్చెన ఎక్కించిన ఇల్లాలు మా అక్క. అలాంటిది వంటింట్లో వంకాయలు తరుగుతూ ఆ టకటకలన్నీ వింటూ కూడా నోరెత్తలేదు. "కొత్తవి పిన్నీ, బ్రేక్ ఇన్ చేయాలి, లేకపోతే కరుస్తాయి" అంది పిల్ల నన్ను చూసి. స్కూలు వాళ్లు టర్మ్ చివర రువాహినే కొండల్లోకి తీసుకెళ్తున్నారట, దారిలో ఏరు దాటాలట. ఆ కొండల్లోనే ఒక ఏటిలో ఈ పిల్ల నాన్న, అంటే మా బావ, పోయాడు. అప్పటికి దీనికి పళ్లు ఊడే వయసు. అక్క వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. వంకాయ ముక్కలు నీళ్లలో వేసి, అవి నల్లబడతాయేమో అన్నట్టు వాటినే చూస్తూ నిలబడింది.

మా బావది గోదావరి ఒడ్డు. పాల పొడి కంపెనీలో కంప్యూటర్ల పని దొరికి పామర్‌స్టన్ నార్త్ అనే ఈ ఊరికి రాకముందు రెండేళ్లు ఫ్రాన్సులో గ్రెనోబుల్ అనే ఊళ్లో ఉన్నాడు. ఆ రెండేళ్లని జీవితాంతం వాడుకున్నాడు. ఆ ఊళ్లో ఏ వీధి చివర చూసినా కొండే కనిపిస్తుందట. ఊరి మధ్య నది మీదుగా గుండ్రటి అద్దాల బుడగలు తీగ మీద వేలాడుతూ కోట దాకా పోతాయట. ఆదివారం పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా మంచు కరిగిన నీలి చెరువు దగ్గర కూర్చోవచ్చట. పైన రాతి సత్రంలో ఒక పెద్దావిడ బంగాళాదుంపల మీద చీజ్ కరిగించి పెడితే ఈయన జేబులోంచి కందిపొడి పొట్లం తీసి దాని మీద చల్లుకునేవాడట. ఆవిడ రుచి చూసి, రెండోసారి వెళ్లినప్పుడు తనే చెయ్యి చాపిందట. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఒక్కోసారి ఆవిడ పొట్లం మొత్తం ఉంచేసుకునేది, ఒక్కోసారి కన్నీళ్లు కూడా పెట్టుకునేది. అక్క మాత్రం "ఆవిడకి కారం ఎక్కువై ఉంటుందండీ" అని ఊరుకునేది.

నేను ఇక్కడికి చదువుకోడానికొచ్చి వాళ్లింట్లోనే ఉండేదాన్ని. పామర్‌స్టన్ నార్త్ అట్లపెనంలా చదునుగా ఉంటుంది, సైకిలు తొక్కేవాళ్లకి స్వర్గం, కొండలు చూసొచ్చినవాడికి శిక్ష. దూరంగా గాలిమరలు తిరిగే ఆ కొండల వరసలు చూస్తూ బావ గింజుకునేవాడు. ఇక్కడ కొండల్లో నడకని ట్రాంపింగ్ అంటారు. ఆ మాట నేర్చుకున్నాక ఆయన్ని పట్టుకోవడం మావల్ల కాలేదు. అక్కకి హాస్పిటల్లో వీకెండ్ డ్యూటీలుండేవి, లేని రోజు పాప ఉండేది. కాబట్టి ఆయన వెంట పులిహోర డబ్బా మోసే భాగ్యం నాకు పట్టింది. దారి పొడుగునా ఫ్రాన్సుతో పోలికే. బీచ్ అనే ఈ అడవి చెట్లు బాగానే ఉన్నాయి గాని అక్కడ పైన్ చెట్ల వాసన వేరు. నడిచేవాళ్లు ఆగడానికి కట్టిన ఈ గుడిసె పరవాలేదు గాని సూప్ పెట్టే మనిషేది? అక్కడ ప్రతి మలుపులో పసుపుపచ్చ బోర్డు ఉండి ఎంతసేపట్లో చేరతావో చెబుతుంది, ప్రతి వాగు మీదా పట్టుకోడానికి కమ్మీలున్న చెక్క వంతెన ఉంటుంది. "వీళ్లు కూడా వేస్తారు మరదలా, దేశం కుర్రది కదా" అనేవాడు. దేశం పెద్దదయ్యే దాకా ఆగే ఓపిక ఆయనకే లేకపోయింది.

వంతెన లేనిచోట ఇక్కడివాళ్లు బూట్లతోనే నీళ్లలోకి దిగిపోతారు. కింద రాళ్లు జారుతాయి, ఉత్త కాలు నిలవదు, అందుకని. తడిసిన బూట్లతోనే రోజంతా నడుస్తారు. మా బావకి అది ససేమిరా పడేది కాదు. బూట్లు తడుస్తాయని కాదు. గోదావరిలోకి ఎవరూ చెప్పులతో దిగరు. ఒడ్డున చెప్పులు విప్పి, వంగి నీళ్లు ముట్టుకుని, నెత్తిన చల్లుకుని అప్పుడు కాలు పెడతారు. ఏరైనా, వాగైనా, భూమికి ఈ చివరైనా ఆయనకి ఒకటే. మేజోళ్లు మడిచి బూట్లలో కుక్కి, రెండిటి లేసులూ ముడేసి మెడలో వేసుకుని, ప్యాంటు మడతపెట్టి, చలికి కెవ్వుమంటూ దాటేవాడు. అవతల ఒడ్డున నిలబడ్డ కివీ ముసలాయన ఒకడు ఒకసారి "బూట్లు వేసుకో మిత్రమా" అని అరిచాడు. బావ నవ్వి చెయ్యి ఊపాడు. నేనూ ఆయన్ని చూసే నేర్చుకున్నాను గనక నేనూ విప్పేదాన్ని. వెక్కిరించేదాన్ని కూడా, కాని విప్పేదాన్ని.

ఆ రోజు పొద్దున ఏరు మోకాలి లోతు కూడా లేదు. దాటి, పైన నారింజ రంగు గుడిసె దాకా ఎక్కి, పులిహోర తిని, గ్రెనోబుల్ పెద్దావిడని మరోసారి తలుచుకుని దిగొచ్చాం. మామీద చినుకు పడలేదు, పై కొండల మీద ఎప్పుడు పడిందో మాకు తెలియదు. దిగొచ్చేసరికి అది పొద్దుటి ఏరు కాదు. ఎర్రగా, ఒడ్డు చెట్ల కొమ్మల్ని లాక్కుంటూ పోతోంది. అడుగున రాళ్లు దొర్లుతుంటే కాళ్ల కింద నేల అదురుతోంది. "బావా, గుడిసెకి పోదాం. రేపు దిగుతుంది" అన్నాను. ఆయనకీ భయం వేసింది, మొహంలో కనిపించింది. "పోదాంలే. ఒక్కసారి ఆ వెడల్పు దగ్గర జస్ట్ లోతు చూసి వచ్చేస్తాను. మీ అక్క కంగారు పడుద్ది" అన్నాడు. చూడటానికే కదా అని బూట్లు మెడలో వేసుకోలేదు. విప్పి, ఒక రాతి మీద జంటగా పెట్టాడు. వంగి ఆ బురదనీళ్లు నెత్తిన చల్లుకున్నాడు. చేతిలో కర్రతో కాస్త లోపలికి వెళ్లాడు. కాలు జారింది. లేవబోయాడు, లేవలేకపోయాడు. నా పేరు పిలిచాడు, మరదలా అనలేదు. అంతే.

ఒడ్డు వెంట పరిగెత్తాను, కొండచరియ అడ్డం వచ్చే దాకా. ఫోన్‌లో సిగ్నల్ లేదు. అరిచి అరిచి గొంతు పోయాక వెనక్కి బూట్ల దగ్గరికే వచ్చాను, ఇంకెక్కడికి వెళ్లాలో తెలియలేదు. అప్పుడు వాన మొదలైంది. ఆ బూట్లు తడవకూడదని ఎందుకనిపించిందో గాని రెయిన్‌కోటు లోపల పెట్టుకుని కూర్చున్నాను. మేం రాలేదని అక్క పోలీసులకి ఫోన్ చేస్తే తెల్లారాక వెతికేవాళ్లొచ్చారు. ఒక పోలీసావిడ నా మీద దుప్పటి కప్పి, కోటులోంచి బయటికి కనబడుతున్న బూట్లని చూసి, ఆయన వీటినెందుకు విప్పాడని అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు, మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. "అంటే, మర్యాద కోసమా?" అంది. అవునన్నాను. ఆవిడ ఏటి వైపు చూసింది. నాకు మాత్రం ఆ ఏటిని బండబూతులు తిట్టాలనిపించింది. అంత మర్యాద చేసినవాడి మీద కాస్త దయ చూపించలేకపోయిందా?

బావ దిగువన విల్లో చెట్ల వేళ్ల దగ్గర దొరికాడు. ఇక్కడ మనిషిని సాగనంపే ముందు సూటూ బూటూ తొడిగి అందంగా తయారుచేస్తారు. ఆ పని చేసే కంపెనీ మనిషి ఇంటికొచ్చి బట్టలు, బూట్లు ఇమ్మని ఎంతో మెత్తగా అడిగాడు. అక్క పంచె, కండువా ఇచ్చింది. బూట్లు ఇవ్వలేదు. "ఆయన కాళ్లకేవీ తొడగొద్దని చెప్పవే" అంది నాతో. బూట్లు గుమ్మం పక్క అలమరలో, కింది అరలో ఉండిపోయాయి. తర్వాత మేమెవరం కొండలకేసి వెళ్లలేదు. బట్టలారేసేటప్పుడు కూడా అక్క కొండలకి వీపు పెట్టి ఆరేసేది.

అందుకే మొన్న ఆదివారం అక్క కారు తాళాలు తీసుకుని "పద, ఏటికి పోదాం. దీని బూట్లు కూడా తెమ్మను" అన్నప్పుడు నాకు చేతులాడలేదు. అదే ఏరు ఊరివైపు వచ్చేసరికి వెడల్పయి, పలచబడి, పిల్లలు రాళ్లు విసురుకునేలా ఉంటుంది. ఒడ్డుకి వచ్చాక పిల్ల ఒక రాతి మీద కూర్చుని లేసులు విప్పబోయి ఆగింది. వాళ్ల నాన్న సంగతి దానికి తెలుసు, అంతా తెలుసు. "షుడ్ ఐ టేక్ దెమ్ ఆఫ్, అమ్మా? డాడీ లాగా?" అంది. అక్క తన చెప్పులు విప్పి, వంగి, దోసిట్లో నీళ్లు తీసి ముందు కూతురి నెత్తిన చల్లి, తర్వాత తన నెత్తిన చల్లుకుంది. "దండం నేను పెట్టానులే. నువ్వు బూట్లతోనే దిగు. గట్టిగా కట్టుకో" అంది. పిల్ల దిగింది. అవతలికి దాటింది, మళ్లీ వచ్చింది. అంతసేపూ అక్క నా మణికట్టు పట్టుకునే ఉంది, వేళ్ల అచ్చులు సాయంత్రం దాకా పోలేదు.

ఇంటికొచ్చాక తడి బూట్లు పెట్టడానికి అలమరలో చోటు కోసం బావ బూట్లు పక్కకి జరిపాను. కదిలించగానే అడుగు ఊడి చేతికొచ్చింది. ఆ రోజు నుంచి వాటిని ఎవరూ వేసుకోలేదు, ఎక్కడికీ నడవలేదు, అయినా ఎంతో దూరం పోయొచ్చినట్టు అయిపోయాయి. మేం కదలకుండా కూర్చున్నంత మాత్రాన కాలం కూర్చోలేదు.