ఆళ్లగడ్డ రోడ్డు మలుపు, మా దానియేలు సార్

మొన్న ఆసుపత్రి వరండాలో ఎవరో నేల తుడుస్తుంటే ఘాటైన అమోనియా వాసన ముక్కుకు తగిలింది. పక్కనున్నవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడిపోయాను. డెబ్బైల చివర నంద్యాల రోడ్ల ఆఫీసులో పటాలకు ప్రతులు తీసే గది అచ్చం ఇదే వాసన వేసేది. అక్కడ నేను ట్రేసరును. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన పటాలను పలుచటి కాగితం మీద సిరాతో దిద్దడం నా పని. ఆ గీతల మీద మనుషులు నడుస్తారన్న ఆలోచనే నాకు ఉండేది కాదు. అది నేర్పినవారు మా అసిస్టెంటు ఇంజనీరు దానియేలు సార్.

ఆయన మిడుతూరు వైపు కూలి కుటుంబంలో పుట్టి, మిషను బడిలో చదువుకుని పైకొచ్చిన మనిషి. మాట తక్కువ. ఆళ్లగడ్డ రోడ్డులో ఒక మలుపు, ఆ మలుపు మధ్యలోనే వాగు మీద ఇరుకు కల్వర్టు, దానికి రెండు వైపులా రాతి గోడలు ఉండేవి. ఆ ఏడు ఒక లారీ అక్కడ బస్సు కోసం నిలబడ్డ ఆడకూలీలను తప్పించబోయి గోడకు కొట్టుకుంది. డ్రైవరు చనిపోయాడు. పత్తి తీసి వస్తున్న ఒకామెకు కాలు పోయింది. అక్కడ అది మొదటిసారి కాదు. ఎప్పటిలాగే డ్రైవరు అజాగ్రత్త అని నివేదిక టైపు చేసి సంతకానికి పెట్టారు. సార్ సంతకం పెట్టలేదు.

"అజాగ్రత్తే అనుకుందాం. మనిషన్నాక తప్పు చేస్తాడు. దానికి సావల్నా? రోడ్డు ఏసింది మనం. తప్పు చేసినోడు గూడా ఇంటికి పోయేట్ల ఎయ్యల్ల" అన్నారు.

మర్నాడు నన్ను జీపులో ఆ మలుపు దగ్గరికి తీసుకెళ్లారు. ట్రేసరును, అందులోనూ ఆడపిల్లను, రోడ్డు మీదికి తీసుకుపోవడం ఆఫీసులో పెద్ద వింతయింది. జనం ఎక్కడ దాటుతున్నారో, ఎక్కడ నిలబడుతున్నారో పటంలో చుక్కలు పెట్టమన్నారు. మధ్యాహ్నానికే నాకు విసుగొచ్చింది. సాయంత్రం కూలివాళ్లు చేల నుంచి వచ్చేసరికి చుక్కలన్నీ మలుపు లోపలి అంచున ఒకేచోట కుప్పపడ్డాయి. బస్సు ఆగేది అక్కడే. పక్క చేను గట్టు, దాని మీద కంపచెట్లు అడ్డం ఉండటంతో వచ్చే బండికి వాళ్లు కనపడరు. అన్నాళ్లూ ఆ రోడ్డును ఎన్నిసార్లు దిద్దానో, ఈ మనుషులను ఒక్కసారీ చూడలేదు.

ఆ చేను ఓబుళమ్మ అనే పెద్దావిడది. ఆ ఊళ్లో వాళ్లది తరతరాల భూమి. గట్టు వెనక్కి జరపాలంటే ఆమె ఒప్పుకోవాలి. "నా చేనే దొరికిందా సారూ మీకు? యాడన్నా పోయి జరుపుకోండి" అంది. సార్ బతిమాలలేదు, చట్టం మాట ఎత్తలేదు. కూలివాళ్లు నిలబడేచోట ఒక్క బస్సు వచ్చేదాకా నిలబడి చూడమన్నారు, అంతే. ఆమె వచ్చి నిలబడింది. మోత వినిపించింది, బస్సు కనపడలేదు. కనపడేసరికి మీదికి వచ్చేసింది. ఆమె నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. గట్టు వైపు తిరిగి చూసింది.

"వీళ్లంతా మా చేన్లోకి వచ్చేటోళ్లే గదా. తీసేయ్ సారూ గట్టు" అంది చివరికి.

గట్టు పోయింది. బస్సు ఆగేచోటు మలుపు దాటి, దారి నేరుగా ఉన్నచోటికి మారింది. కానీ కల్వర్టును వెడల్పు చేసి, గోడలను రోడ్డుకు దూరంగా జరిపి, పక్కలను వాలుగా పూడ్చే పనికి పైవాళ్లు ఒప్పుకోలేదు. పటం తిరిగొచ్చిన ప్రతిసారీ సార్ ఏదో ఒకటి సరిచేసి మళ్లీ పంపేవారు. నేను మళ్లీ మొదటి నుంచి దిద్దేదాన్ని. ఇంతలో ఆయనకు ఆత్మకూరు బదిలీ అయింది. ఇక ఇది ఆగిపోయినట్టే కదా సార్ అన్నాను.

"పోతాండేది నేను. పటం ఈడనే ఉండాది, నువ్వూ ఈడనే ఉండావు. మళ్లా పంపు" అన్నారు.

కొత్తగా వచ్చిన ప్రతి అధికారి బల్ల మీదా మొదటి వారంలోనే ఆ పటం పెట్టాను. ఒకాయన విసుక్కున్నాడు. ఇంకొకాయన నీ పని నువ్వు చూసుకోమన్నాడు. ఇదీ నా పనే సార్ అని మెల్లగా అన్నాను. ఎనభైలు సగం గడిచాక వచ్చిన మూడో ఆయన జీపు తీయించుకుని వెళ్లి, చూసొచ్చి, సంతకం చేశాడు.

పని పూర్తయిన మరుసటి ఎండాకాలం వేరుశెనగ మూటల లారీ ఒకటి టైరు పేలి అక్కడే రోడ్డు తప్పింది. వినగానే బస్సెక్కి పోయాను. లారీ వాలులోకి దిగి ఒరిగి ఉంది. డ్రైవరు నేల మీద కూర్చుని ఎవరో ఇచ్చిన నీళ్లు తాగుతున్నాడు. మోచెయ్యి గీరుకుంది, అంతకు మించి ఏమీ లేదు. అక్కడ ఒకప్పుడు రాతి గోడ ఉండేదని అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు. సార్‌కు ఉత్తరం రాశాను. జవాబులో సంతోషమని ఒక్క వాక్యం. మిగతా కాగితమంతా మహానంది దారిలో యాత్రికులు నడిచే ఒకచోటు గురించి. అక్కడ ఒక పూట కూర్చుని చూసి రమ్మన్నారు.

సార్ పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ పేపర్లో డ్రైవరు నిర్లక్ష్యం అని చదివితే అక్కడితో ఆగలేను. ఆ చోటు ఎలా ఉందో చూడాలనిపిస్తుంది. మా వీధి చివర బడి గేటు తిన్నగా పెద్ద రోడ్డు మీదికే తెరుచుకుంటుంది. మూడు రోజులు అక్కడ నిలబడి, పటం గీసి రోడ్ల ఆఫీసులో ఇచ్చాను. చూస్తామన్నారు. రెండోసారి వెళ్తే పాత పటం కనపడటం లేదన్నారు. నిన్న చదువుకునే కళ్లజోడు పెట్టుకుని ఇంకొకటి గీశాను. ఈసారి రెండు ప్రతులు తీసి, ఒకటి నా దగ్గరే ఉంచుకున్నాను.