అంటుకుపోయిన రెండు పేజీలు

నిన్న ఆఫీసులో ఒక సహోద్యోగి కొత్త చీర కట్టుకొని నా కుర్చీ పక్కనుంచి నడిచి వెళ్ళింది. చీర రంగేమిటో నాకు తెలియదు. నాకు పుట్టుకతోనే చూపు లేదు. కానీ దాని మీద రాళ్లు అంటించిన జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదని వాసన చెప్పింది. ముక్కులో ఘాటుగా పట్టుకొని, గొంతులో కాస్త తియ్యగా దిగే ఆ వాసనకు నా చేతులు ఆగిపోయాయి. బల్ల మీది చదివే యంత్రం మాత్రం ఆగలేదు. కాగితాలను ఫొటో తీసుకొని పైకి చదివి వినిపించే యంత్రం అది. ఒక పేజీ అయిపోయినా ఊపిరి తీసుకోకుండా తర్వాతి పేజీలోకి వెళ్ళిపోయింది. సుగుణత్త అయితే అక్కడ ఆగేది. "ఆగు, తిప్తున్న" అనేది. ఆ యంత్రంలో ఎంచుకోవడానికి చాలా గొంతులున్నాయి. నాకు కావలసిన గొంతు అందులో లేదు.

తాపీ నది ఒడ్డు నగరంలో, లింబాయత్ అనే మగ్గాల బస్తీలో మా గదికీ సుగుణత్త గదికీ మధ్య ఒకటే గోడ. మా నాన్న, ఆమె భర్త మల్లేశం మామ సిరిసిల్ల దిక్కు పల్లెల నుంచి వచ్చి ఒకే షెడ్డులో మగ్గాలు నడిపేవారు. మాకు చుట్టరికం లేదు, పిలుపే చుట్టరికం. అత్త కూడా కొన్నేళ్ళు అదే షెడ్డులో కండెలు చుట్టింది. మగ్గాల మోతలో బతికినవాళ్ళకు మెల్లగా మాట్లాడటం రాదు. ఆమె ఉప్పు అడిగినా గొడవకు వచ్చినట్టే ఉండేది. నాకు ఊహ తెలిసేసరికి ఆ పని మానేసి, ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించేది. ఊళ్ళో పదో తరగతి దాకా చదివింది, హిందీ అక్షరాలు కూడా అక్కడే నేర్చింది. మా అమ్మకు అక్షరాలు రావు. అత్తకు వచ్చిన ఆ అక్షరాల మీదే నా చదువంతా నిలబడుతుందని అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

నేను హిందీ మీడియంలో పన్నెండో తరగతికి వచ్చేసరికి బ్రెయిలీ పుస్తకాలు రావడం ఆగిపోయింది. వస్తాయి, వస్తాయి అంటూ బడివాళ్ళు దీపావళి దాకా లాగారు. చదివే యంత్రం ఒకటుంటుందని విని అత్తే నన్ను షేర్ ఆటోలో స్టేషను వైపు ఒక దుకాణానికి తీసుకెళ్ళింది. యజమాని చెప్పిన ధర, మా నాన్న ఏడాదంతా తిండి మానేసి మగ్గం నడిపినా అందేది కాదు. పోనీ ఒకసారి ముట్టుకుంటానన్నాను. అతను యంత్రం తీయలేదు. అది వచ్చిన అట్టపెట్టె తెచ్చి నా చేతుల కింద పెట్టాడు. యంత్రం మీద మరకలు పడితే కొనేవాళ్ళు ఒప్పుకోరట. ఆ పెట్టె మూల ఒకటి నలిగి ఉంది. ఇప్పటికీ నా వేళ్ళకు గుర్తుంది, అతని దగ్గుతో సహా. బయటికి వచ్చాక అత్త అతని పేరేమిటో నాకు చెప్పింది. పేరెందుకత్తా అన్నాను.

"పేరు అడగకుంటే ఎవని మీద కోపం పెట్టుకుంటవ్ పిల్లా?" అంది.

ఆ చలికాలంలో ఒక సేవాసంస్థవాళ్ళు యంత్రాలు పంచుతున్నారని మా బడి నుంచి నన్ను ఎంపిక చేశారు. వేదిక మీద నా పేరు చదివారు, దండ వేశారు, యంత్రం చేతుల్లో పెట్టారు. చల్లగా, మూత మీద సన్నని గీతలతో, నేను అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంది. ఫొటోల చప్పుడు ఆగగానే ఒకాయన చాలా మర్యాదగా దాన్ని నా చేతుల్లోంచి లాక్కున్నాడు. తెచ్చింది ఒక్కటేనట. తర్వాతి పిల్లవాడికీ దానితోనే ఫొటో తీయాలట. మిగతావి వెనకాల వస్తాయట. అత్త జనంలోంచి లేచి వేదిక ఎక్కింది. ఆ గొంతుకు మైకు అవసరం లేదు. ఆమె అడిగింది హిందీలోనే గానీ, తర్వాత గల్లీలో అందరికీ తెలుగులో చెప్పిన తీరే నాకు గుర్తుంది: "ఇచ్చినమని మైకుల చెప్పిండ్రు గద. వాపసు గుంజుకుంటున్నమని గూడ గదే మైకుల చెప్పుండ్రి."

వాళ్ళు చెప్పలేదు. మమ్మల్ని కిందికి దింపేశారు. వెనకాల వస్తాయన్న యంత్రాలు ఈ రోజుకీ రాలేదు. అత్త మాత్రం వస్తూ వస్తూ రెండు పులావు పొట్లాలు తీసుకుంది. ఇదేమిటత్తా అని అడిగితే, కోపం వాళ్ళ మీద గానీ అన్నం మీద కాదంది.

మర్నాడు పొద్దున్నే గోడ మీద కొట్టి నన్ను పిలిచింది. మిషన్ లేకుంటే ఏంది, నా నోరు లేదా అంది. మల్లేశం మామ ఫోనులో మాట రికార్డు చేసే వీలుండేది. పుస్తకాన్ని జిగురు డబ్బాకు ఆనించి, చీర ఒళ్ళో వేసుకొని, రాళ్లు అంటిస్తూ చదివేది. పాఠం మధ్యలో కూరగాయల బండివాడితో బేరం, కుక్కర్ కూత, పక్క షెడ్డు మోత అన్నీ చేరేవి. అర్థం కాని హిందీ మాట వస్తే "గిదేందో నాకు తెల్వది, సారును అడుగు" అని ముందుకు పోయేది. పేజీ చివర "ఆగు, తిప్తున్న". నేను వింటూ వల్లె వేస్తుంటే ఆ మాట కూడా పాఠంలో భాగమైపోయేది. ఫోనులోని మెమరీ కార్డు చిన్నది. ఒక పాఠం నాకు వచ్చిందనగానే దాన్ని చెరిపేసి కొత్తది చదివేది. అదే మా పద్ధతి. పప్పు అయిపోయాక డబ్బా కడిగి పెట్టుకున్నట్టు, ఏ ఆలోచనా లేకుండా చెరిపేవాళ్ళం.

భూగోళం పరీక్షలో సముద్రపు ఆటుపోట్ల మీద పెద్ద ప్రశ్న వచ్చింది. ఆ పాఠం మొదలు నాకు తెలుసు, చివర తెలుసు, మధ్య ఏమీ లేదు. నేను చెబుతుంటే రాసిపెట్టే అమ్మాయి కలం పట్టుకొని ఎదురుచూసింది. ఇంటికి వచ్చి అత్త మీద విరుచుకుపడ్డాను. ఆమె పుస్తకం తీసి తడిమింది. జిగురు కారి ఎదురెదురు పేజీలు రెండూ అంటుకుపోయి ఉన్నాయి. అవి కనబడక దాటి తిప్పేసింది.

"రెండు పేజీలు మింగినవత్తా," అన్నాను.

"నేనెందుకు మింగుత? జిగురు మింగింది. పుస్తకానికి గంత ధర పెట్టి గిట్లాంటి పల్చటి కాయిదం ఏస్తరా? వాళ్ళ మీద రాయి నువ్వు."

నేను నిజంగానే రాశాను. నా మొదటి ఫిర్యాదు అదే. కానీ ఆ సాయంత్రం, నేను అలిగి గడప మీద కూర్చుని ఉండగా, కాగితం చరచరమన్న చప్పుడు వినిపించింది. అత్త తడిగుడ్డతో అద్దుతూ పేజీలను మెల్లగా విడదీస్తోంది. పరీక్ష అయిపోయింది కదా, ఇంకెందుకన్నాను.

"అయితే ఏంది? సముద్రం సగంల ఆగిపోతదా?"

వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ రోజు ఒళ్ళో చీర లేదు, చేతుల్లో పని లేదు. ఫోను కూడా పెట్టలేదు. పరీక్షకు పనికిరాని పాఠానికి కార్డులో చోటెందుకు? చంద్రుడు నీటిని లాగే తీరు, సముద్రం నది నోట్లోకి ఎక్కి వచ్చి మళ్ళీ దిగిపోయే తీరు చదివింది. మన తాపీ నదిలో కూడా గట్లనే వస్తదేమోనని మధ్యలో తనే ఆగి ఆశ్చర్యపోయింది. ఒక చోట కాగితం చినిగి మాట ఊడిపోయింది. "ఈడ చినిగింది బిడ్డా. నీకు నచ్చిన మాట పెట్టుకో," అని ముందుకు చదివింది.

నేను పాసయ్యాను. చదువు ముగిశాక బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. చదివే యంత్రం ఇప్పించమని అక్కడ అర్జీ పెట్టాను. షెడ్డు మూతపడ్డాక అత్త, మామ ఊరికి వెళ్ళిపోయారు. ఫోను చేసినప్పుడల్లా ఆమె మొదటి ప్రశ్న ఒకటే: "మిషన్ ఇచ్చిండ్రా?" ఇవ్వలేదంటే ఎవరు ఆపుతున్నారో పేరు అడిగేది. అంత ఖరీదైనది ఒక్క మనిషి కోసమా అన్న అధికారి పేరు, పక్కవాళ్ళతో చదివించుకోవచ్చు కదా అన్న అధికారి పేరు రెండూ ఆమెకు చెప్పాను. ఆ పేర్లు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. అర్జీల మీద అర్జీలు పెట్టాక చివరికి యంత్రం వచ్చింది. అప్పటికి అత్త లేదు. ఊపిరి అందని జబ్బుతో ఊళ్ళోనే పోయింది. దినాలు అయ్యాక గానీ నాకు కబురు అందలేదు. ఆ విషయంలో మల్లేశం మామను కూడా నేను క్షమించలేదు.

ఆ ఫోను కార్డు నా దగ్గరే ఉంది. తెలిసినవాళ్ళకు ఇచ్చి వెతికించాను. అందులో ఏమీ మిగల్లేదన్నారు. యంత్రం అప్పుడే చవకగా దొరికి ఉంటే ఆమె నీకు చదివి ఉండేదే కాదు కదా అని ఒక స్నేహితురాలు అంది. ఓదార్చడానికే అంది. నాకు నచ్చలేదు. యంత్రం ఉండి ఉంటే, అత్త ఖాళీ చేతులతో ఆ గడప మీద నా పక్కన ఇంకా చాలాసార్లు కూర్చునేది. నాకు చదువు ఇచ్చింది ఆమె; యంత్రానికున్న ఆ ధర కాదు. ఇప్పటికీ ఆ యంత్రంలో తెలుగు గొంతు కావాలంటే వేరే డబ్బు కట్టాలి. దాని మీద కంపెనీకి రాశాను. పేజీ చివర కాస్త ఆగే ఏర్పాటు పెట్టమనీ రాశాను. ఇలా ఇంకెవరూ అడగలేదని జవాబు వచ్చింది. నేను అడిగాను కదా అని మళ్ళీ రాశాను.

నగరం చివర కామ్‌రేజ్‌లో నేనుంటున్న ఫ్లాటుకు మగ్గాల మోత వినిపించదు. కొన్ని సాయంత్రాలు గడప దగ్గర కూర్చొని, ఒక్కసారే విన్నా మరిచిపోని ఆ రెండు పేజీలు పైకి చెప్పుకుంటాను, ఆమె ఆగిన చోటల్లా ఆగుతూ, ఆమె చదివినంత గట్టిగా. ఒకసారి పక్కింటివాళ్ళు వచ్చి గొంతు తగ్గించమన్నారు. తగ్గించలేదు. ఆ భూగోళం పుస్తకం పాతది ఒకటి సంపాదించాను. ఆఫీసుకు తీసుకెళ్ళి యంత్రం కింద పెడితే, చినిగిన చోట ఏ మాట ఉండాలో క్షణంలో చెబుతుంది. ఇంతవరకు పెట్టలేదు. ఆ చోటికి రాగానే "ఈడ చినిగింది బిడ్డా" అంటాను. అని, ముందుకు వెళ్తాను.